ఒంటె పిడకల పరమాన్నం

"అమ్మా, బాల్కనీలో పెట్టిన నా అట్టపెట్టె ఏదీ?"

నిఖిత ఆ మాట అడిగే వేళకు ఉమామహేశ్వరి చిక్కుడాకుల్లో పరమాన్నం వడ్డిస్తోంది. దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో, వాళ్ళ అద్దె ఫ్లాటులో ఆ రోజు రథసప్తమి. పక్క ఫ్లాటు శ్రీసుధ అప్పటికే రెండోసారి పెట్టించుకుని, పిడకల మంట మీద వండిన రుచే వేరంటూ లొట్టలేస్తోంది. ఉమామహేశ్వరి పొంగిపోతూ, నీ పెట్టెలోని పిడకలతోనే కదమ్మా వండింది అని కూతురికి చెప్పింది. నిఖిత మొహం పాలిపోయింది. తల్లి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"అవి ఆవువి కాదమ్మా. ఒంటెలవి. నా థీసిస్ అది."

అయ్యో! ఆ తల్లి గుండె ఎంత కొట్టుకుందో చెప్పతరమా! ఈ దేశానికి వచ్చిన నాటి నుంచీ ఏటా గ్యాసు పొయ్యి మీదే పాలు పొంగించి, సూర్యభగవానుడి ముందు లెంపలు వేసుకుంటూ వచ్చిన మనిషి. ఈ ఏడు పెట్టె మూత తీసి చూస్తే, చక్కగా ఎండిన చిట్టి చిట్టి పిడకలు! ఎడారి ఆవులు కాబోలు, ఇంతే వేస్తాయి అనుకుంది. పైకి చెప్పకపోయినా పిల్ల నా పండుగ గుర్తుపెట్టుకుంది అని పొద్దున్నే కొంగుతో కళ్ళు తుడుచుకుంది కూడా... ఆ పిడకలతో పాటు పిల్ల చదువంతా ఇత్తడి గిన్నె కింద కాలిపోయిందని ఆవిడకేం తెలుసు!

నిఖిత అల్ ఐన్‌లో పశువుల పెంపకం, మేత భూముల మీద ఎమ్మెస్సీ చేస్తోంది. గాఫ్ చెట్టు, అంటే మన జమ్మి, ఆకు మేసిన ఒంటెకు ఎంత ఒంటబడుతుంది, ఎడారి ఎన్ని ఒంటెలకు మేత పెట్టగలదు, ఆ లెక్కంతా పేడలోంచే తియ్యాలి. ల్యాబులో ఓవెన్ పాడైతే ఎండబెట్టుకోవడానికి ఇంటికి తెచ్చింది. అది లేనిదే థీసిస్ లేదు, థీసిస్ లేనిదే డిగ్రీ లేదు.

ఉమామహేశ్వరికి ఏ దుఃఖానికి ముందు ఏడవాలో తెలియలేదు. పిల్ల చదువు బూడిదైనందుకా, దేవుడికి ఒంటె పేడ మీద నైవేద్యం పెట్టినందుకా... గుమ్మంలో నిలబడి అంతా విన్న భర్త రామ్మోహనరావు నోట్లో ముద్ద మింగాలా వద్దా అని కాసేపు ఆలోచించి, మింగి, ఒంటె తిరిగేదీ ఆ సూర్యుడి ఎండలోనే కదా అంటూ మళ్ళీ ఆకు చాపాడు. ఆవిడ చూసిన చూపుకి ఆకుతో సహా హాల్లోకి వెళ్ళిపోయాడు.

శ్రీసుధ వెళ్ళేదాకా బిగబట్టుకున్న ఏడుపు నిఖితకి అప్పుడు కట్ట తెంచుకుంది.

"ఎవరడిగినా నా చదువు పేరు చెప్పడానికి నీకు సిగ్గు. డాక్టరు లైన్లో ఏదో అని మాట దాటేస్తావ్. నాతో మాత్రం పేడ చదువంటావ్. ఇవాళ ఆ పేడే కావాల్సొచ్చిందా నీకు?"

"నాకోసం తెచ్చావనుకున్నానే..."

అంతే. ఆ ఒక్క మాటకి పిల్ల కోపం సగం కరిగిపోయింది. మిగతా సగం ప్రొఫెసరుగారి ఫోనుతో తగ్గింది. ఒంటెలు ఇంకా ఆ మేత మీదే ఉన్నాయి కాబట్టి మళ్ళీ సేకరించుకోమన్నారాయన. అయితే ఇసుక అంటకూడదు. కింద పడకముందే పట్టాలి. ఒక్కో ఒంటె వెనక ఒక్కో మనిషి కావాలి, సాయం వచ్చే క్లాసు పిల్లలేమో సెలవులకు ఊళ్ళకి వెళ్ళిపోయారు.

"నేనొస్తా పద" అంది ఉమామహేశ్వరి, ముక్కు తుడుచుకుంటూ.

మర్నాడు రామ్మోహనరావు కారులో దింపేసరికి అల్ ఐన్ పాకలో ఒంటెలు తీరిగ్గా నెమరేస్తున్నాయి. నేత చీర కుచ్చెళ్ళు ఎగదోపి, కాళ్ళకి రబ్బరు బూట్లు వేసుకుని, చేత్తో పళ్ళెం పట్టుకుని నిలబడింది ఉమామహేశ్వరి. ఒంటెల్ని చూసే రాయచోటి మనిషి ఖాదర్ హుస్సేన్ నవ్వాపుకుంటూ, "శానా దగ్గర నిల్చుకోవద్దు మా, తంతాది" అని హెచ్చరించాడు. ఆవిడ పట్టించుకోలేదు. ఎంతసేపు నిలబడ్డా ఒంటె కరుణించదే! మేసేటప్పుడు లేని బెట్టు ఇప్పుడెందుకని కసిరింది. కానియ్యి నాన్నా, మా బంగారం కదూ అని, చిన్నప్పుడు నిఖితని బతిమాలినట్టే బతిమాలింది. పక్క ఒంటె వెనక ఉన్న నిఖిత అది విని, ఇన్నాళ్ళకి పగలబడి నవ్వింది.

సరిగ్గా అప్పుడే శ్రీసుధ వీడియో కాల్ చేసింది. వదినగారూ, ఎక్కడున్నారు, వెనక ఆ తోకేమిటి అని ఆరా.

ఉమామహేశ్వరి కూతురి వైపు చూసింది. పిల్ల తల వంచుకుంది. అమ్మ ఏం చెబుతుందో తెలిసినట్టే...

"మా అమ్మాయి ఒంటెల పేడ మీద ఎమ్మెస్సీ చేస్తోంది శ్రీసుధా. నేను పళ్ళెం పట్టుకుంటున్నా. నిన్న నువ్వు తిన్న పరమాన్నం దీని మీద వండిందే."

ఫోనులో శ్రీసుధ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇవతల నిఖిత కళ్ళ నిండా నీళ్ళు. చివరికి శ్రీసుధ ఆ చెయ్యి తీసి, సరేలెండి, రుచి మాత్రం బ్రహ్మాండంగా ఉంది, వచ్చే ఏటికి నాక్కూడా కాసిని దాచిపెట్టండి అంది.

అంతలో ఒంటె కరుణించింది. ఉమామహేశ్వరి ఒక్కటి కూడా ఇసుకలో పడనీయకుండా పళ్ళెంలో పట్టి, రెండు చేతులా గుండెలకు దగ్గరగా పొదువుకుంది.

"ఇవ్వనమ్మా" అంది ఫోనులోకి. "ఇది మా పిల్ల చదువు."