మంచులోంచి లోతు చెప్పిన గొంతు

సాయంత్రానికి బోర్నియో తీరంలోని ఆ ఏటిమొగ దగ్గర గాలి పూర్తిగా పడిపోయింది. లంగరు వేసిన ఓడ మీద కెప్టెన్ ఎడ్మండ్ హార్వుడ్ పటం పరుచుకుని, ఇంకా ఖాళీగా మిగిలిన కాస్త చోటు వంక విసుగ్గా చూశాడు. ఇసుక తిన్నెల మధ్య ఆ ఒక్క దారీ గీసేస్తే ఇక ఇంటికే. లోతులు చూసి రమ్మని తమ్ముడు గిల్బర్ట్‌ను, ఆరుగురు తెడ్లవాళ్ళను పడవలో ముందుకు పంపాడు. తల్లి పోయాక తన చేతులమీద పెరిగిన తమ్ముడు. వాడు పడవెక్కిన ప్రతిసారీ ఎడ్మండ్‌కు ప్రాణం గుప్పిట్లోనే ఉంటుంది.

తాడు కట్టిన సీసపు గుండుకు కింద కొవ్వు పూసి నీళ్ళలో వదులుతారు. తాడు లోతు చెబుతుంది. కొవ్వుకు అంటుకొచ్చింది చూస్తే అడుగున ఏముందో తెలుస్తుంది. రెండూ కలిపి కేకవేయాలి. పటాలు గీసేవాళ్ళకు అది వేదవాక్కు.

పడవ వెళ్ళిన కాసేపటికే పొగమంచు కమ్మేసింది. మడ అడవుల కుళ్ళు వాసన ఓడంతా పట్టేసింది.

"ఏడు బారలు!" ముందునుంచి గిల్బర్ట్ గొంతు.

"అడుగేమిట్రా? సగం మాట మింగేస్తావేం?" ఎడ్మండ్ అరిచాడు.

"ఆరు బారలు..."

అంతే. అడుగు మాట లేదు.

కళాసీల పెద్ద, సరంగు కాసిం, దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "దొరా, మంచులో పిలుపుకి ఇంక పలక్కండి. మావాళ్ళెవరూ పలకరు."

"మీ ఊళ్ళో పిల్లి తుమ్మినా దెయ్యమేనయ్యా."

కాసిం నవ్వలేదు.

అంతలో వెనకవైపు తెడ్ల చప్పుడు.

"అన్నయ్యా! తాడు వెయ్యి!"

అదీ గిల్బర్ట్ గొంతే. ముందునుంచి మొదటి గొంతు మళ్ళీ వచ్చింది.

"అన్నయ్యా... వాళ్ళను ఎక్కించుకోకు."

రెండు వైపులా తమ్ముడే. ఒకణ్ణి వదిలేయాలి. అసలు తమ్ముణ్ణే వదిలేస్తే...?

ఎడ్మండ్ ఓడ వెనకవైపు అంచు మీంచి కిందికి వంగి అడిగాడు. "లోతెంత?"

"నాలుగు బారలు. బూడిదరంగు ఇసుక, గవ్వల పెంకులు. చలికి చస్తున్నాం బాబూ, పరీక్షలు తర్వాత పెట్టు!"

కిందనుంచి గుండు అందించాడు. కొవ్వు నిండా బూడిదరంగు ఇసుక. ఎడ్మండ్‌కు ప్రాణం లేచొచ్చింది. లోతు, అడుగు రెండూ చెప్పినవాడే తన తమ్ముడు. దెయ్యాలు ఇసుక ఏరుకొస్తాయా?

తాడు వేశాడు. ఏడుగురూ ఎక్కారు. ఎడ్మండ్ తమ్ముణ్ణి గట్టిగా కావలించుకున్నాడు. ఒళ్ళు మంచుగడ్డలా ఉంది. చలికే అనుకున్నాడు.

అప్పుడు ముందునుంచి... బాగా సన్నగా...

"మూడు బారలు."

ఈసారి గొంతు అక్కడితో ఆగలేదు.

"అడుగు చెప్పడానికి నోరు రాలేదు, అన్నయ్యా... అడుగున మేమే."

ఎడ్మండ్ చేతులు వాటంతటవే జారిపోయాయి. వెనక్కి తిరిగి చూశాడు. ఆ ఆరుగురూ ఓడ బల్లల మీద రెండు వరసల్లో కూర్చున్నారు. ముందుకు వంగుతున్నారు... వెనక్కి వాలుతున్నారు... మళ్ళీ వంగుతున్నారు. చేతుల్లో తెడ్లు లేవు.

"పోదాం పద, అన్నయ్యా," పక్కనున్నవాడు చెవిలో అన్నాడు.

కాసిం లంగరు తాడు పట్టుకుని చూశాడు. తాడు బిగుసుకునే ఉంది.

"దొరా..." అతను ఎడ్మండ్ వైపు తిరిగాడు. "లంగరు వేసే ఉంది దొరా..."

ఓడ మెల్లగా ముందుకు కదిలింది.