ఎలీసబెతమ్మ ఎడమచెయ్యి

బందరులో కోతలు మూడు రకాలు. పొలంలో వరి కోత, ఇంట్లో కరెంటు కోత, వీధి అరుగుల మీద మగవాళ్ళు కోసే కోతలు. ఆ శనివారం పొద్దున్న నతానియేలు గారింట్లో నాలుగో రకం మొదలైంది. గోళ్ళ కోత. అది మధ్యాహ్నానికల్లా గుండెకోత అవుతుందని, ఇడ్లీలు తింటున్నప్పుడు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

సాయంత్రం ఆ ఇంటి ఒక్కగానొక్క కూతురు కృపాకుమారికి ప్రధానం. పెళ్ళికొడుకు ఫిలిప్‌ది పెదపారుపూడి. పళ్ళూ పూలూ సర్దవలసిన టేబులు మీద కృప తన సరంజామా సర్దింది. ప్లాస్టిక్ గోళ్ళు, జిగురు సీసా, ఆకురాయి, జెల్ డబ్బీ, పక్కన ఒక చిన్న లైటు పెట్టె. హైదరాబాదులో పార్లరు కోర్సు చేసిన స్నేహితురాలు ఇచ్చిన కిట్టు అది. కాగితంలో ఉన్నది చదువుకుంటూ నిన్ననే తన పది గోళ్ళూ తనే వేసుకుంది. గులాబీ రంగులో గాజు ముక్కల్లా మెరుస్తున్నాయి.

"ఇదేంటమ్మా, రొట్టెలు కాల్చే మిషనా?" అన్నాడు నతానియేలు, కాఫీ గ్లాసుతో వచ్చి.

"గోళ్ళు గట్టిపడే లైటు నాన్నా. జెల్ రాసి చెయ్యి లోపల పెట్టి, కదలకుండా కూర్చోవాలి."

"లోపల పెట్టి కదలనివ్వరంటే అది జెల్ కాదమ్మా, జైలు! అయినా ఇంట్లో ఇంత నతానియేలు ఉండగా మళ్ళీ ఆ నెయిలు ఎందుకు?"

ఆయన జోకులకి రోజూ ముందుగా నవ్వేది భార్య ఎలీసబెతమ్మ. ఆ రోజు నవ్వలేదు. కుడిచేతిని పమిటచెంగులో చుట్టుకుని, ఆ లైటు పెట్టెకేసి చూస్తూ నిలబడింది.

ఆ చెయ్యి చెంగులోకి వెళ్ళడం చాలా ఏళ్ళ అలవాటు. చిలకలపూడి రోల్డుగోల్డు పనిలో ఆవిడది కడిగే పని. ఇత్తడి గాజుల్ని, గొలుసుల్ని పూతకి పంపేముందు యాసిడ్ కలిపిన నీళ్ళలో ముంచి తీయాలి. నగ మెరుస్తుంది. ముంచిన చెయ్యి మాడుతుంది. కుడిచేతి గోళ్ళు పసుపుపచ్చగా, గరుకుగా, అక్కడక్కడా పెచ్చులూడి ఉండేవి. బొటనవేలికైతే సగమే గోరు. ఎడమచెయ్యి కొంత నయం. నయమంటే, నలుగురిలో బయటపెట్టగలిగినంత మాత్రమే.

అసలు చిక్కు ఆచారంతో వచ్చింది. వాళ్ళ సంఘంలో ప్రధానంనాడు చర్చి అయ్యగారు ప్రార్థన చేస్తుంటే, పిల్ల తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని కాబోయే అత్తగారి చేతిలో పెట్టాలి. అందరి కళ్ళూ ఆ చేతుల మీదే. దానికి తోడు వీడియో కొండలరావు వస్తున్నాడు. గోరంత సంగతిని కొండలరావంత చేసి తెర మీద చూపించడంలో ఆయన దిట్ట.

"అమ్మా, రా. కూర్చో" అంది కృప.

"నాకెందుకే? పెళ్ళికూతురివి నువ్వు కదా."

"నీకూ వేస్తాను. ఎవరికీ తెలీదు. సొంత గోళ్ళలాగే ఉంటాయి."

సొంత గోళ్ళలాగే. ఆ మాట ఎలీసబెతమ్మకి ఎక్కడ గుచ్చుకుందో గాని, కుర్చీ లాక్కుని కూర్చుంది. కుడిచెయ్యి చెంగులోనే ఉంది. ఎడమచెయ్యి ముందుకు చాపింది.

కృప ముందు ఆకురాయితో గోళ్ళ మీద నునుపు పోయేదాకా రుద్దింది. అసలే పల్చబడ్డ గోళ్ళు, ఇంకా పల్చబడ్డాయి. జిగురు రాసి ప్లాస్టిక్ గోళ్ళు అతికించింది. కొలతకి కత్తిరించి, పైన జెల్ మందంగా పూసింది.

"ఇప్పుడు లోపల పెట్టు. కదిపావంటే పాడవుతుంది."

పెట్టెలో నీలం వెలుగు వచ్చింది. కాసేపటికి ఎలీసబెతమ్మ పై పెదవి మీద చెమట పట్టింది.

"బానే ఉందా అమ్మా?"

"బానే ఉంది."

"ఉక్కపోస్తోందా? నాన్నా, ఫ్యాను పెంచండి."

నతానియేలు ఫ్యాను పెంచాడు. చెమట తగ్గలేదు. రెండో పూత పూసి మళ్ళీ పెట్టమంది కృప. ఎలీసబెతమ్మ ఒక్క క్షణం తటపటాయించి పెట్టింది. ఈసారి కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటోందేమో అనుకున్నాడు నతానియేలు. కృప మాత్రం అప్పుడు చూసింది. తల్లి కుడిచెయ్యి చెంగుని పిడికిట్లో పట్టి పిండుతోంది.

"అమ్మా! తియ్యి చెయ్యి!"

లాగి చూస్తే గులాబీ గోళ్ళ చుట్టూ వేళ్ళ కొసలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. గోరు పల్చనైతే జెల్ గట్టిపడేటప్పుడు నిప్పులా కాలుతుందని, నొప్పి పుడితే వెంటనే చెయ్యి తీసేయాలని కిట్టు కాగితంలో ఉంది. తన గోళ్ళకి ఏమీ కాలేదు గనక కృప ఆ సంగతే మరిచిపోయింది.

"కాలుతుంటే ఎందుకు తియ్యలేదమ్మా?"

"కదిపితే పాడవుతుందన్నావుగా."

"పాడైతే గోరు పాడవుతుంది! నీ వేళ్ళు కాల్చుకుంటావా?"

"నీ సాయంత్రం పాడవకూడదని ఊరుకున్నాను."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. పెట్టెలో వెలుగు ఆగింది. ఇన్నేళ్ళుగా ఆపుకున్న ఎలీసబెతమ్మ నోరు మాత్రం ఆగలేదు.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు కృపా. నీకు నా చేతులంటే సిగ్గా?"

"ఛ! అదేం మాటమ్మా?"

"మరి ఈ ముస్తాబెందుకు? ఆ రోజు చూపులకొచ్చినప్పుడు ఫిలిప్ వాళ్ళ మేనత్త, 'ఆవిడ చేతులకేదైనా జబ్బా, కనుక్కోండి' అన్న మాట నేను వినలేదనుకున్నావా?"

కృప తెల్లబోయింది. ఆ మాట తనొక్కతే విందనుకుంది. అమ్మకి తెలియకూడదని నెలరోజులుగా కడుపులో దాచుకుంది.

"విన్నావా?"

"విన్నాను. ఆవిడెవరో పరాయి మనిషి, అంది. నాకేమీ కాలేదు. కానీ ఆ మాట విన్నాక నువ్వొచ్చి నా చేతిలో కాఫీ ట్రే లాక్కున్నావు చూడు... అప్పుడు కాలిందే. ఇవాళ ఈ పెట్టెలో కాలింది ఓ లెక్కా?"

"ఎలీసా, పండగపూట గోరుముద్దలు పెట్టాల్సిన వేళ ఈ గోల ముద్దలెందుకు..." అంటూ నతానియేలు ఏదో జోకు వేయబోయాడు. తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఒక్కసారి ఆయనవైపు చూశారు. జోకు గొంతులోనే అస్తమించింది.

"గుడివాడ నుంచి మా చెల్లి వస్తోందిగా. నీ చెయ్యి అదే అప్పగిస్తుంది. దాని చేతులు బాగుంటాయి. నేను వెనకాల వడ్డనలు చూసుకుంటాను" అంది ఎలీసబెతమ్మ, లేవబోతూ.

"నువ్వు లేకపోతే నాకు ప్రధానమే వద్దు."

"నేనుంటే నీకు సిగ్గు, లేకపోతే వద్దు. ఏం చెయ్యమంటావే నన్ను?"

కృప మెరిసే పది గోళ్ళతో మొహం కప్పుకుంది. ఆ గోళ్ళ వెనకనుంచే మాటలు వచ్చాయి.

"సిగ్గేనమ్మా. ఆ రోజు నిజంగా సిగ్గేసింది. వాళ్ళు నిన్ను అలా చూస్తుంటే తట్టుకోలేకపోయానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం సిగ్గే. నువ్వు కట్టిన ఫీజు డబ్బులతో బీఎడ్ చదివి, నీ చేతిలో ట్రే లాక్కున్నాను."

నతానియేలు వచ్చి కూతురి తల మీద చెయ్యి వేశాడు. ఈసారి ఆయన గొంతులో వెటకారం లేదు.

"మనది గిల్టు పనే గాని, మనం గిల్టు మనుషులం కాదమ్మా. ఇప్పుడు నువ్వు చెప్పింది అసలు బంగారం. అమ్మకి అది చాలు."

ఎలీసబెతమ్మ కళ్ళు తుడుచుకుంది. అంతలో కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. పెట్టెలో నీలం వెలుగు దానంతటదే వెలిగి, ఎవరి చెయ్యి కోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడింది. ఆ వెలుగు చూసి ఎలీసబెతమ్మ చెంగులోంచి కుడిచెయ్యి తీసి మెల్లగా టేబులు మీద పెట్టింది.

"సర్లే. ఏడవకు. ఇదీ వేసెయ్యి. ఓర్చుకుంటాను."

కృప ఆ చేతిని చూసింది. సగం గోరున్న బొటనవేలిని చూసింది. ఎడమచేతికే అంత కాలితే ఈ చేతికి ఎంత కాలుతుందో ఆలోచించింది. గోడ దగ్గరకి వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

"వద్దు. ఈ చేత్తోనే నన్ను అప్పగించు. ఉన్నదున్నట్టు."

"ఓ చెయ్యి పెళ్ళికూతురిది, ఓ చెయ్యి పనిమనిషిది అన్నట్టుంది. నవ్వరూ?"

"నవ్వనీ. ఆ ఎడమచేతివి ఇప్పుడు గీకితే ఇంకా మండుతుంది. మంట తగ్గాక నేనే తీస్తాను."

సాయంత్రం చర్చి హాలు నిండింది. అయ్యగారు లేచారు. ఎలీసబెతమ్మ కొత్త పట్టుచీరలో ముందుకొచ్చింది. అలవాటు లేని చెయ్యి ఒకటి చెంగులో ఉంది. ఈసారి ఎడమది. మెరిసే గోళ్ళన్నీ చీర చాటున దాక్కున్నాయి, మోటు చెయ్యి వెలుగులోకి వచ్చింది. ఆ కుడిచేత్తో కూతురి చెయ్యి పట్టుకుంది. కొండలరావు కెమెరా దగ్గరికి తెచ్చాడు. పెదపారుపూడి వాళ్ళ వరసలో ఎవరో మరొకరి చెవిలో ఏదో అన్నారు.

ఫిలిప్ తల్లి మార్తమ్మ తన చెయ్యి చాపి, ఎలీసబెతమ్మ వేళ్ళకేసి చూసి ఆగింది.

"వదినగారూ, చేతికేమైందండీ?" అడిగింది మార్తమ్మ. మెల్లగానే అడిగింది. హాలంతా వింది.

చెంగులోకి వెళ్ళడానికి ఎలీసబెతమ్మ చెయ్యి ఒక్కసారి వెనక్కి కదిలింది. కృప దాన్ని గట్టిగా పట్టుకుంది. వదల్లేదు.

"రోల్డుగోల్డు పనండీ వదినగారూ. యాసిడ్ నీళ్ళు. జబ్బు కాదు" అంది ఎలీసబెతమ్మ, తల ఎత్తి.

మార్తమ్మ తలాడించింది. కళ్ళు ఒకసారి తన ఆడపడుచు కూర్చున్నవైపు తిప్పి, మళ్ళీ ఇటు చూసింది. "అయితే ఆ రెండో చెయ్యి కూడా తియ్యండి. పిల్లని రెండు చేతులతో ఇవ్వాలి కదండీ!"

వేరే దారి లేక ఎలీసబెతమ్మ ఎడమచెయ్యి బయటికి తీసింది. పొడుగాటి గులాబీ గోళ్ళు లైట్ల కింద తళుక్కుమన్నాయి. హాల్లో కిసుక్కుమని ఎవరో నవ్వారు. మార్తమ్మకి కూడా నవ్వాగలేదు.

"ఇదేంటండీ! ఈ చెయ్యెవరిది?"

ఎలీసబెతమ్మ ఒక చేతినీ ఇంకో చేతినీ చూసుకుంది. ఇన్నాళ్ళకి నలుగురి ముందు ఆవిడ నవ్వింది.

"ఈ ఎడమచేతి మీదున్నది మా అమ్మాయి పనండీ. ఈ కుడిచేతి మీదున్నది నా పని. రెండూ మీ ముందు పెట్టాను."

నవ్వుతూనే కృప వెక్కి వెక్కి ఏడ్చింది. మార్తమ్మ ముందుకు వంగి, మెరిసే చేతిని వదిలేసి, సగం గోరున్న చేతినే తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఆ మాట ఆ రోజే నేనే అడగాల్సింది వదినగారూ. వెనకాల అననిచ్చి ఊరుకున్నాను" అంది.

"అమ్మా, కొంచెం ఇటు తిప్పండి, దగ్గరగా తీస్తున్నాను" అని అరిచాడు కొండలరావు.

ఎలీసబెతమ్మ తిప్పింది. చెంగు గాలికి ఎగురుతోంది. సర్దుకోలేదు.