నలుగురెక్కిన తెరచాప పడవ

ఉదయం పదకొండు గంటలకు జయరామయ్య టీ తాగాడు. పదకొండూ ఇరవైకి చనిపోయాడు.

ఒడ్డుకు ఆరు మైళ్ల దూరంలో, తెరచాప పడవలో, ఉప్పు బస్తాల మీద గిలగిల కొట్టుకున్నాడు. నోట్లో నురగ. అంతే.

పడవలో మిగిలింది ముగ్గురు. చుక్కాని దగ్గర సరంగు ముత్యాలయ్య. నెల్లూరు నాటకాల హీరోయిన్ కరుణాకుమారి. ఉప్పు వ్యాపారి వేషంలో సీక్రెట్ ఏజెంట్ మస్తానయ్య.

మస్తానయ్య శవం నడుం తడిమాడు. ఫిల్ము డబ్బా లేదు!

1965 సెప్టెంబరు. సరిహద్దులో యుద్ధం. మొన్ననే మద్రాసులో చీఫ్ పద్మనాభయ్య చెప్పిన మాటలు అతని చెవుల్లో గింగురుమన్నాయి.

"జయరామయ్య పోర్టులో గుమస్తా. విదేశీ ముఠా బెదిరిస్తే మందుగుండు ఓడ రూట్ మ్యాపు ఫొటో తీశాడు. ఫిల్ము ఇంకా కడగలేదు, వెలుతురు తగిలితే పాడైపోతుంది. పడవలో వాళ్ల లీడర్‌కి అందిస్తాడు. లీడర్ కోడ్ నేమ్ డాల్ఫిన్. అతన్ని ఎవరూ చూడలేదు. చెయ్యి చాచగానే పట్టుకో. ఆ ఓడలో రెండొందల మంది ఉన్నారు, మస్తానయ్యా."

"ఈ కబురు ఎవరిచ్చారు సార్?"

"కరుణాకుమారి. ముఠాలో ఉంటూనే మనకు పనిచేస్తోంది. అలా అని ఆమే చెబుతోంది."

ఇప్పుడు ఆమె ఫ్లాస్కు మూత బిగిస్తోంది. ఎర్రటి గోళ్లు వణకడం లేదు. ఆ టీ పోసింది ఆమే.

"ఆయమ్మే అయ్యా!" సరంగు అరిచాడు. "టీలో ఏందో కలిపినాది. నా రెండు కళ్లతో చూసినా."

మస్తానయ్య జేబులోంచి ఫౌంటెన్ పెన్ తీశాడు. అది పెన్ను కాదు. ఒకే ఒక్క తూటా ఉన్న పిస్టల్. ఆమె గుండెకు గురిపెట్టాడు.

"ఫిల్ము ఎక్కడ?"

"నా దగ్గర లేదు. ఆ టీ నేనూ తాగాను, మీరూ తాగారు. మనమెందుకు చావలేదు?"

"టీ కాకపోతే ఇంకేంటి?"

"కడుపులో తిప్పుతోందంటే సరంగు ఆకూవక్కా ఇచ్చాడుగా ఆయనకి. ఒక్కడికే." ఆమె చూపు చుక్కాని వైపు తిరిగింది.

గాలి మారింది. సరంగు తాడు బలంగా లాగాడు. తాడు మీద ఎర్రటి మరక పడింది. మస్తానయ్య తల తిప్పకుండా అడిగాడు.

"ముత్యాలన్నా, ఎన్నేళ్లుగా పడవ నడపతా ఉండావు?"

"ముప్పై ఏళ్లయ్యా. పుట్టింది జువ్వలదిన్నెలో, పెరిగింది పడవలోనే."

"ముప్పై ఏళ్లు తాళ్లు లాగిన చేతులకి ఈ పూట కొత్తగా బొబ్బలెట్లా వచ్చినాయి?"

సరంగు తన అరచేతులు చూసుకున్నాడు. చితికిన బొబ్బలు. నవ్వాడు. ఆ నవ్వుతో పాటే యాస కూడా మాయమైంది.

"క్లబ్బు పడవల్లో గ్లవ్స్ వేసుకునేవాణ్ణి. గుడ్ అబ్జర్వేషన్!"

"అసలు ముత్యాలయ్య ఏడీ?"

"రాళ్లు కట్టి దించాం. పాపం, ఈత బాగా వచ్చట."

చుక్కాని ఒక్కసారిగా తిప్పాడు. తెరచాప వాసం గిర్రున తిరిగి మస్తానయ్య భుజాన్ని కొట్టింది. పెన్ను బస్తాల మధ్యకు జారిపోయింది. లేచేసరికి డాల్ఫిన్ కుడిచేతిలో రివాల్వర్, ఎడమచేతిలో ఆకూవక్కా ఇచ్చేటప్పుడు కాజేసిన ఫిల్ము డబ్బా.

తూర్పు నుంచి బూడిదరంగు మోటారు లాంచీ దూసుకొస్తోంది. వంద గజాలు. యాభై. లాంచీ ముక్కు మీద ఒకడు వల చాచి నిలబడ్డాడు.

డాల్ఫిన్ డబ్బా విసరడానికి చెయ్యెత్తాడు.

కరుణాకుమారి ఆ చేతి మీదికి దూకింది. రివాల్వర్ పేలింది. తెల్లచీర పొట్ట దగ్గర ఎర్రబడింది. కానీ డబ్బా ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. పళ్లతో మూత పీకింది. నల్లటి ఫిల్ము చుట్ట మొత్తం బయటికి లాగి, నడినెత్తి మీదున్న సూర్యుడికి ఎదురుగా చాచింది.

రెండో తూటా ఆమెకు తగిలిన క్షణానే మస్తానయ్య వేళ్లకు పెన్ను దొరికింది. ఉన్న ఒక్క తూటా డాల్ఫిన్ గొంతులోకి దిగింది. అతను వెల్లకిలా నీళ్లలో పడ్డాడు.

గాలికి రెపరెపలాడుతున్న ఫిల్మును లాంచీ మీదివాడు బైనాక్యులర్స్‌లో చూశాడు. లాంచీ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

మస్తానయ్య ఆమె తల ఒళ్లోకి తీసుకున్నాడు.

"నన్ను నమ్మలేదు కదూ?"

"లేదు," అన్నాడు. అబద్ధం చెప్పలేకపోయాడు.

"మంచిదే. నమ్మితే అతనికి అనుమానం వచ్చేది." ఆమె ఇంకేదో అనబోయింది. అంతలోనే ప్రాణం పోయింది.

పడవ నడపడం రాని మస్తానయ్య సాయంత్రానికి ఎలాగో ఒడ్డు చేర్చాడు. మూడోరోజు ముత్యాలయ్య శవం దొరికింది. అతని భార్య మాలకొండమ్మ ఏడవలేదు. "మా ఆయన పడవని పరాయోడి చేతికి ఎట్టిచ్చినారయ్యా?" అని మాత్రం అడిగింది.

మద్రాసులో పద్మనాభయ్య రిపోర్టు రెండుసార్లు చదివి ఒక పేరు కొట్టేశాడు.

"ఆమె ముఠాలో మనిషి. మనకు పనిచేసినట్టు రికార్డులో ఉండకూడదు. మరి ఫిల్ము ఎవరు పాడుచేశారని రాద్దాం?"

"ఎండ అని రాయండి సార్," అన్నాడు మస్తానయ్య టోపీ తీసుకుంటూ. "నెల్లూరు ఎండ మీద ఎవరూ ఎంక్వయిరీ వెయ్యరు."