రెండో చరణం

ఇంకా విడుదల కాని సినిమా పాట రెండో చరణంలో తన చెల్లెలున్న ఇంటికి దారి వినిపించగానే, జల్లెడ చేతిలోని పెన్సిల్ పుటుక్కున విరిగింది.

క్యాసెట్ వెనక్కి తిప్పాడు. మళ్లీ విన్నాడు.

"ఆగిపోయిన గడియారం కింద నడిచి వచ్చాను
మూతబడ్డ నాటకశాల మెట్లు దిగి వచ్చాను
నీలిరంగు తలుపు మీద చేయి వేసి నిలిచాను"

వినేవాడికి ఇది ప్రేమపాట. కానీ ఆ గడియారం ఉంది, ఆ మెట్లున్నాయి, ఆ తలుపూ ఉంది. తలుపు వెనక నిన్ననే ఆపరేషనైన మనిషి స్పృహ లేకుండా పడుకుని ఉన్నాడు. విదేశీ ముఠాకు కోడ్లు తయారుచేసే ఆఫీసరతను. ఫిరాయించి వస్తూ వస్తూ వీపులో ఒక బుల్లెట్ కూడా తెచ్చుకున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో ఆ ముఠాకు అమ్ముడుపోయినవాడు ఎవరో అతనికి తెలుసు. తెలివి రాగానే పేరు చెబుతాడు. ఈలోగా అతని పక్కన కూర్చుని సెలైన్ బాటిల్ మారుస్తున్న నర్సు జల్లెడకు ఒక్కగానొక్క చెల్లెలు.

జల్లెడ అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ గుర్తులేదు. ఏ పాటనిచ్చినా పొట్టూ గింజా వేరు చేస్తాడని ఆ పేరు పెట్టింది మావయ్యే. వాళ్లది పాటల సెక్షన్. సినిమా పాటలు, డైలాగులు విడదీసి, వాటిలో ఎవరైనా ఎవరికైనా కబురు పెడుతున్నారేమో చూడటం వాళ్ల పని. "మేం తూటాలు తింటుంటే మీరు డ్యూయెట్లు వింటారా?" అని మిగతావాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఇద్దరు ఏజెంట్లు తమ రహస్య స్థావరాల్లోనే హతమయ్యాక ఆ నవ్వులు ఆగిపోయాయి. రెండుసార్లూ ఒకటే వరస. సాయంత్రం రేడియోలో కొత్త పాట మొదటిసారి వచ్చింది, చీకటి పడేలోగా హంతకుడు వచ్చాడు. ముఠాలో ఒకరినొకరు కలుసుకోరు, ఫోన్లు చేసుకోరు. ఊళ్లో ఎక్కడో మామూలు మనిషిలా బతుకుతున్న ఆ హంతకుడు సాయంత్రం రేడియో పెట్టుకుని కూర్చుంటాడు, అంతే.

పల్లవి జనానికి, మొదటి చరణం నిర్మాతకు, రెండో చరణం హంతకుడికి. ఆ సంగతి కనిపెట్టింది జల్లెడే.

ఈ పాట కూడా ఇవాళ సాయంత్రం ఆరింటికే మొదటిసారి వస్తుంది.

జల్లెడ ఫోన్ అందుకున్నాడు. సెక్షన్ చీఫ్ అతని సొంత మేనమామ. అమ్మ పోయాక అన్నాచెల్లెళ్లిద్దరికీ జడలు వేసి, జ్వరాలకు కాపలా కాసి పెంచినవాడు. అన్నకు జడేమిటంటే, చెల్లికి వేస్తుంటే చూసి వాడూ ఏడ్చేవాడు కాబట్టి.

"మావయ్యా, చెల్లి ఉన్న ఇల్లు పాటలో ఉంది."

అవతల కుర్చీ కిర్రుమంది.

"ఏ పాట? పొద్దున వచ్చినవన్నీ నేను విన్నానే."

"మన కట్టలో రాలేదు. గాయని గారు విడిగా క్యాసెట్ పంపారు. తనకే ఎందుకో నచ్చలేదట."

"ఆ ఇల్లు తెలిసింది ఎందరికి? నీకు, నాకు, చెల్లికి. నాలుగోది, ఆ పేషెంటును ముఠా నుంచి దాటించి మనకప్పగించిన ఆవిడే. క్యాసెట్ మనకు పంపి మన నమ్మకం కొట్టేసింది, పాట పాడి వాళ్ల నమ్మకం కొట్టేసింది. రెండు పడవల మీద కాళ్లంటే అదే అల్లుడూ."

"ఆ ఇంట్లో ఫోన్ లేదు కదా, నేను పరిగెత్తుకెళ్లి..."

"నువ్వు ఆ గాయనిని పట్టుకో. పాట జోలికి మాత్రం పోకు, ఆపితే ముఠా జాగ్రత్తపడుతుంది. పిల్లని, ఆ పేషెంటుని నేను తీసుకొస్తాను. ఇదిగో, చెప్పులు వేసుకుంటున్నా."

జల్లెడకు ఊపిరి వచ్చింది. మావయ్య బయల్దేరాడంటే చెల్లి ఇంటికొచ్చినట్టే.

* * *

రికార్డింగ్ స్టూడియో గేటు దగ్గరికి ఖాకీ చొక్కా, అతికించిన మీసం, భుజాన పనిముట్ల సంచితో ఒక ఏసీ మెకానిక్ వచ్చాడు. రిసెప్షన్‌లోని అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది.

"ఏసీ నీళ్లు కారుతోందా?"

"కారడం లేదు, ఏడుస్తోంది."

కోడ్ సరిపోయింది. తలుపు తెరుచుకుంది.

లోపల కన్సోల్ గదిలో ఇద్దరున్నారు. బట్టతల మీద హెడ్‌ఫోన్ పెట్టుకున్న సంగీత దర్శకుడు ఒకరు. నిర్మాత తరఫున వచ్చి, సోఫా నిండా కూర్చుని పల్లీలు తింటున్న సఫారీ సూటు ఇంకొకడు. నడుం దగ్గర సూటు ఉబ్బి ఉంది. అది పల్లీల పొట్లం కాదని జల్లెడకు తెలుసు. టేపును రేడియో స్టేషన్‌కు తీసుకెళ్లడం ఆ సఫారీ డ్యూటీ.

అద్దం అవతల సింగర్స్ బూత్‌లో గాయని ఒక్కతే ఉంది. ముదురాకుపచ్చ పట్టుచీర, చెవులకు ముత్యాలు, ఎదురుగా ఫ్లాస్కులో వేడినీళ్లు. ఊళ్లో సగం మంది ఆమె గొంతుకు దాసులు. మిగతా సగం ఆమె నవ్వుకు. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోంది. డిపార్ట్‌మెంట్ కూడా తమ మనిషే అనుకుంటోంది.

జల్లెడ బూత్‌లోకి వెళ్లి, స్టూలెక్కి, ఏసీ మూత విప్పాడు. చొక్కా గుండీలోని జామర్ నొక్కి మైకును మూగదాన్ని చేశాడు.

"మీసం ఎడంవైపు ఊడుతోంది జల్లెడ గారూ," అంది గాయని పెదవులు కదపకుండా. "పాట విన్నారా?"

"విన్నాను. మా చెల్లెల్ని ఎంతకి అమ్మారు?"

ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది. "అదేం మాట?"

"గడియారం, నాటకశాల, నీలి తలుపు. ఆ దారి మీకు తెలీదా?"

"ఏ గడియారం? నన్ను అంబులెన్స్ వెనక పడేసి తీసుకెళ్లింది మీ మావయ్య. కిటికీలకు నల్లరంగు. దిగింది పెరటి గేటు దగ్గర. ఆ పేషెంటు మూలుగు తప్ప దారిలో నేను చూసిందీ లేదు, విన్నదీ లేదు. ఆ ఇల్లు ఊరికి తూర్పునో పడమరనో కూడా చెప్పలేను."

జల్లెడ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. నిజమే. అంబులెన్స్ నడిపింది మావయ్య. చెల్లెలూ ఆ బండిలోనే వెళ్లింది. గడియారం వైపు నుంచి నడిచి వెళ్లినవాళ్లు ఇద్దరే. ఇల్లు వెతకడానికి వెళ్లిన రోజు తను, తన పక్కన మావయ్య.

ఆ ఆలోచనను ఈగను తోలినట్టు తోలాడు. అది పోలేదు.

"ఈ చరణం ఎవరు రాశారు?"

"కవిగారే అంటున్నారు. ఈ బట్టతలాయన మాత్రం పొద్దున్నుంచీ గొణుగుతూనే ఉన్నాడు. మీరే అడగండి."

ఏసీ పైపు చూడాలన్న వంకతో జల్లెడ కన్సోల్ గదిలోకి వచ్చాడు. సఫారీ పల్లీల పొట్టు ఊదుతున్నాడు.

"పాట బావుంది సార్. రెండో చరణం మాత్రం నడక మారినట్టుంది," అన్నాడు మెకానిక్.

సంగీత దర్శకుడికి వినే చెవి దొరికింది. "ఏసీ వాడికి తెలిసింది, కవికి తెలీలేదు. ఈ లైన్లో ముందు ట్యూన్, తర్వాత మాట. నేను తననన అంటాను, ఆయన నింపుతాడు. ఈ ఒక్క చరణానికి మాటలు ముందొచ్చి పడ్డాయి. నా ట్యూన్‌ని రబ్బరులా సాగదీశాను. ఇంతా చేస్తే ఆ రాత కూడా మావాళ్లది కాదయ్యా. మావాడైతే ముందు అమ్మాయి కళ్ల మీద పడతాడు. ఆ తర్వాతే వీధి, వాన, ఏదైనా. ఇదేమిటి? ముందు గడియారం, తర్వాత మెట్లు, ఆఖర్న తలుపు. ప్రేమించేవాడు రాసినట్టు లేదు, పంచనామా చేసేవాడు రాసినట్టుంది."

జల్లెడకు ఈ వరస తెలుసు.

దూరం, దగ్గర, ముఖం. సెక్షన్‌లో చేరిన మొదటి రోజు మావయ్య చెప్పిన పాఠం. పాటను కెమెరాలా చూడు అల్లుడూ, ముందు దూరంగా ఉన్నది రాసుకో, తర్వాత దగ్గరిది, ఆఖర్న ముఖం. లోకంలో ఇంకెవరూ పాటను అలా చూడరు. జీవితమంతా పాటలు విప్పినవాడు కూర్చుని ఒక పాట కడితే, అది విప్పిన వరసలోనే వచ్చింది. ఆ పొరపాటు పాటల సెక్షన్‌లో తప్ప ఎక్కడా జరగదు.

కారిడార్‌లోని ఫోన్ నుంచి ఆఫీసుకు చేశాడు. ఆపరేటర్ ఎత్తింది.

"మావయ్య బయల్దేరారా?"

"ఎక్కడికండీ? గదిలోనే ఉన్నారు. ఎవర్నీ పంపొద్దని చెప్పి, రేడియో పెట్టించుకుని కూర్చున్నారు."

జల్లెడ ఫోన్ పెట్టేశాడు. ఏడవడానికి టైము లేదు. ఏడిస్తే మీసం కూడా ఊడుతుంది. ఆపరేషన్స్ విభాగంలో కమాండర్‌కు ఇంకో ఫోన్ చేశాడు.

"మనుషులెంతమంది ఉన్నారు?"

"చేతిలో నలుగురు. ఇంటి చుట్టూ పెట్టమంటావా?"

"వద్దు. కాపలా పెడితే ఆ కాపలాయే చిరునామా అవుతుంది. పేషెంటును కదిపితే దారిలోనే పోతాడు. ఇద్దర్ని మారువేషంలో ఇంట్లోకి పంపండి. మీరు మిగతా ఇద్దరితో రేవు పక్కన మూసేసిన ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లి, నిచ్చెన పైన గదిలో ఎర్రదీపం పెట్టండి. హంతకుడు అక్కడికే వస్తాడు."

"నీకెలా తెలుసు?"

"నేనే పిలవబోతున్నాను. మా మావయ్యకు మాత్రం చెప్పకండి."

కమాండర్ ఎందుకని అడగలేదు. ఆ గొంతు వింటే అడగబుద్ధి కాలేదు.

* * *

ఏసీ వంకతో జల్లెడ మళ్లీ వచ్చి చెప్పి వెళ్లిన ప్రకారం, బూత్‌లో గాయని గొంతు సవరించుకుని మైకులో అంది. "మాస్టారూ, రెండో చరణంలో నా గొంతు పగిలింది. ఇంకో టేక్ కావాలి."

"అక్షరం మారకూడదని ఆర్డర్," అన్నాడు సఫారీ.

"అక్షరం కాదు బాబూ, గొంతు. పగిలిన గొంతుతో పాట వెళ్తే రేపు మీ నిర్మాత మిమ్మల్నే అడుగుతాడు. పాడమంటారా, ఆయనకు ఫోన్ చేయమంటారా?"

సఫారీ పాడమన్నట్టు చెయ్యి ఊపాడు. సరిగ్గా అప్పుడే పైన ఏసీ గర్‌మంటూ, ఫ్యాను రెక్క ఊడేలా కొట్టుకోవడం మొదలెట్టింది. జల్లెడ స్విచ్చులో పెట్టిన బిళ్ల తన పని తను చేసింది.

"ఈ చప్పుడులో టేక్ ఎలాగయ్యా?" అని సంగీత దర్శకుడు తల పట్టుకున్నాడు.

"కారిడార్‌లో మెయిన్ ప్యానెల్ ఉంది సార్. మీటను కిందికి నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. నేను లోపల వైరు మారుస్తా, ఎవరైనా పట్టుకోవాలి. వదిలితే మాత్రం షాక్ కొడుతుంది." జల్లెడ చుట్టూ చూశాడు. సంగీత దర్శకుడి వేళ్లు కన్సోల్ మీదున్నాయి. ఖాళీ చేతులు ఒకరివే.

సఫారీ పల్లీలు జేబులో పోసుకుని, తిట్టుకుంటూ వెళ్లి మీట పట్టుకున్నాడు. చప్పుడు ఆగింది. తలుపు మూసుకుంది.

జల్లెడ సిగరెట్ పెట్టె వెనక రాసిన మూడు పంక్తులు గాయని చేతిలో పెట్టాడు. సంగీత దర్శకుడి వైపు తిరిగి బ్యాడ్జి చూపించాడు.

"ఇద్దరి ప్రాణాలు, మాస్టారూ. ప్రశ్నలు తర్వాత."

ఆయన బ్యాడ్జి చూశాడు, పంక్తులు చూశాడు. "ఇవి కూడా మాటలు ముందేనా? ఖర్మ," అని టేపు తిప్పాడు.

గాయని ఒక్కసారి చదువుకుంది, కళ్లు మూసుకుంది, పాడింది.

"మంచు మిల్లు గేటు దాటి నడిచి వచ్చాను
తుప్పు పట్టిన నిచ్చెనెక్కి వెతికి వచ్చాను
ఎర్రదీపం ఉన్న గదిలో వేచి ఉన్నాను"

ఒకే టేక్. తర్వాత సఫారీ చెమటలు కక్కుతూ లోపలికి వచ్చేసరికి టేపు డబ్బాలో ఉంది, డబ్బా మీద సీలుంది. అతను దాన్ని చంకలో పెట్టుకుని హడావిడిగా వెళ్లిపోయాడు.

గాయని ఫ్లాస్కు మూత బిగిస్తూ అంది. "నన్నే అనుమానించారు కదా."

"అవునండీ."

"మీ తప్పులేదు. నేను అబద్ధాలు పాడి బతుకుతున్నాను. నమ్మినవాడు చేస్తే మాత్రం..." ఆమె మాట ఆపేసింది. అతని ముఖం చూసి, తన జేబురుమాలు తీసి చేతిలో పెట్టింది.

* * *

ఆరింటికి పాట వచ్చింది. అప్పటికింకా ఆఫీసు మెట్లెక్కుతున్న జల్లెడకు ప్రతి గదిలోంచీ ఆ గొంతే వినిపించింది. జల్లెడ వెళ్లి మావయ్య గది బయటున్న బల్ల మీద కూర్చున్నాడు. కమాండర్ నుంచి కబురు రావాలి. నిచ్చెనెక్కేది హంతకుడో కాదో తేలాలి.

దీపాలు వెలిగే వేళకు చేతిలోని వైర్‌లెస్ గురగురలాడింది.

"వచ్చాడు. వాచీలు బాగుచేసేవాడట, చేతిలో సైలెన్సర్ తుపాకీ. ఎర్రదీపం గదిలో పేల్చాడు కూడా, తూటా మావాడి చెవి పక్క నుంచి పోయింది. ఇప్పుడు బేడీల్లో ఉన్నాడు. సఫారీని, నిర్మాతను కూడా ఎత్తేశాం."

"చెల్లి?"

"నిక్షేపంగా ఉంది. పేషెంటు నిద్రపోతున్నాడు, బూట్లు విప్పి రండి అని మావాళ్లను గుమ్మంలోనే నిలబెట్టిందట."

జల్లెడ వైర్‌లెస్ ఆపి, తలుపు తోశాడు.

మావయ్య కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. రేడియో ఇంకా మోగుతోంది. ఎదుట టీ తొరక కట్టింది. చెప్పులు బల్ల కింద వరసగా ఉన్నాయి.

"ఆ చరణం నువ్వు రాశావు కదూ," అన్నాడు. "వినగానే తెలిసింది. వేచి ఉన్నాను అట. అరిగిపోయిన మాట."

"చెల్లి అక్కడ ఉందని తెలిసే రాశావా మావయ్యా?"

మావయ్య రేడియో కట్టేశాడు.

"తెలుసు. డ్యూటీ మారమని పొద్దునే నేనే వెళ్లి చెప్పాను. పేషెంటును వదిలి రానంది. రాదని కూడా తెలుసు, పెంచినవాణ్ని కదా. అయినా పిలిచానని నాకు నేను చెప్పుకోవడానికి వెళ్లాను. వాడు బతికితే నా పేరు చెబుతాడు అల్లుడూ. నాకు ఇంకేమీ కనిపించలేదు."

"ఎందుకు? మేమేం తక్కువ చేశామని? నీకేం తక్కువైందని?"

"డబ్బు అనుకుంటున్నావా? ఒక్క పైసా తీసుకోలేదు. కుర్రతనంలో సంచి నిండా పాటలు పట్టుకుని స్టూడియోల గుమ్మాలన్నీ ఎక్కాను. వ్యాసాల్లా ఉన్నాయన్నారు. ఆ తర్వాత ఇన్నేళ్లూ ఊరివాళ్లందరి పాటలకీ అర్థాలు చెప్పాను. ఒకరోజు ముఠావాడు వచ్చి, ఒక చరణం రాసివ్వండి, మీ మాటలు దేశమంతా పాడుతుంది అన్నాడు. మొదటిది చనిపోయిన మన మొదటి ఏజెంట్ ఇల్లు. రాస్తున్నప్పుడు చేయి వణికింది. రేడియోలో విన్నాక వణకలేదు. రిక్షావాడు పాడాడు, స్కూలు పిల్లలు పాడారు. మీ చెల్లి అంట్లు తోముతూ పాడేది, చూడు, అది నాదే. పక్కగదిలో కూర్చుని వింటూ కళ్లు తుడుచుకునేవాణ్ని. రెండోదీ నాదే, ఇవాళ్టిదీ నాదే. నలుగురి చావూ నేనే రాశాను, ఇద్దరిది జరిగింది. ఎవరూ నన్ను బెదిరించలేదు, బలవంతపెట్టలేదు. రాసుకో అల్లుడూ, పల్లవి దగ్గర్నుంచీ చెప్తాను. ఒక్కటే కోరిక. అన్నిటికీ ఎవడి పేరో వేశారు. ఈ వాంగ్మూలం కిందైనా రచన అని నా పేరు వేయించు."