రామవ్వ మట్టి

బెల్లంపల్లిలో బొగ్గులోంచి రాళ్లేరే ఆడవాళ్లలో చాలామందికి పుట్టిన తేదీ ఉండదు. గని కంపెనీ డాక్టర్ల బోర్డు ముందు నిలబడితే వాళ్లు ముఖం చూసి, పళ్లు చూసి, చేతులు తిప్పి చూసి ఒక వయసు రాస్తారు. అరవై అని రాస్తే ఆ రోజుతో నౌకరి అయిపోయినట్టే. నాకు యాభై ఒకటి. మా చర్చిలో బాప్తిస్మం పుస్తకంలో ఆ సంగతి ఉండేది, దాన్ని చెదలు తిన్నాయి. ఇరవై ఏళ్లు ఎండలో, బొగ్గు దుమ్ములో మాడిన నా ముఖం మాత్రం అరవై ఐదు చెప్తుంది. నౌకరి పోతే క్వార్టరు పోతుంది, పదో తరగతిలో ఉన్న మా బిడ్డ మేరి చదువు ఆగిపోతుంది. అందుకే ఎనభై నాలుగు మార్చిలో, బోర్డుకు పది రోజుల ముందు, నేను సోకులు మొదలుపెట్టాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

పక్క క్వార్టరు భూమవ్వ దగ్గర సలహాలకు కొదవ లేదు. మొదట ఒక స్నో డబ్బా తెచ్చింది. పూసుకుంటే అది ముడతల్లోకి తెల్లగా దిగి, అప్పటిదాకా కనబడనివి కూడా కనబడ్డాయి. తర్వాత మీగడ, శనగపిండి. చీమలు పట్టాయి. మూడోది మంచిర్యాల నుంచి తెప్పించిన ట్యూబు. ముడతల సంగతేమో కానీ తోలే ఊడొచ్చేట్టు మండింది. ఈ మూడింటితో ఆరు రోజులు గడిచిపోయాయి.

అప్పుడు రామవ్వ చేతులు గుర్తొచ్చాయి.

గనిలో బొగ్గును పేల్చేటప్పుడు గోడకు రంధ్రం వేసి, మందు పెట్టి, మిగిలిన సందును మట్టితో గట్టిగా కూరతారు. ఆ మట్టిని జానెడు కడ్డీలుగా చేసే పని రామవ్వది. ఆ తెల్లమట్టి పిసికి పిసికి ఆమె అరచేతులు పసిపిల్లవిలా ఉండేవి. ముఖం మాత్రం ముడతలే. నలభై ఏడేళ్ల మనిషికి బోర్డు అరవై రాసింది. ఆమె ఒప్పుకోలేదు. పని లేకపోయినా రోజూ వచ్చి తన షెడ్డులో కూచుని కడ్డీలు చేసేది. ఒక మధ్యాహ్నం అక్కడే చచ్చిపోయి కనిపించింది. అది జరిగి ఎనిమిదేళ్లయింది. తర్వాత ఆ గని కూడా మూతపడింది.

షెడ్డుకు తాళం లేదు. గోనెసంచి కింద ఆమె చేసిన కడ్డీలు వరసగా ఉన్నాయి. ఎనిమిది ఎండాకాలాలు గడిచినా తడి ఆరలేదు. అది చూసి నేను భయపడాల్సింది. నాకు ఆశ పుట్టింది. రెండు కడ్డీలు కొంగున కట్టుకుని వచ్చాను.

బోర్డు రేపనగా, మేరి బడికి పోయాక, మట్టిని నీళ్లతో మెదిపి ముఖమంతా పట్టించాను. గాలి తగిలితే పగులుతుందని తలుపు వేసి, కిటికీకి దుప్పటి కట్టి, చాప మీద వెల్లకిలా పడుకున్నాను. బయట ఎవరో బోరింగు కొడుతున్నారు. గదిలో తడిమట్టి వాసన. కాసేపటికి దాని అడుగు నుంచి ఇంకో వాసన వచ్చింది. పేల్చిన మందు వాసన. బోరింగు చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలియదు.

నుదుటి మీద ఏదో కదిలింది. మట్టి ఎండి బిగుసుకుంటోంది అనుకున్నాను.

కాదు... అది బొటనవేలు. మెత్తగా ఉంది, పసిపిల్ల వేలంత మెత్తగా. ఒక ముడత వెంట మెల్లగా పోయింది... ఆగింది... అందులో మట్టి పెట్టి అదిమింది. తర్వాతి ముడత. అదిమింది. కూరుతోంది.

"జర ఆగు పిల్లా..." చెవి పక్కనే గుసగుస. "ఇంక నిండలే."

మూతపడ్డ గని దిక్కు నుంచి విజిల్ వినపడింది.

పేల్చే ముందు మూడు విజిళ్లు ఊదుతారు. మూడోది ఊదాక ఏమవుతుందో మా కాలనీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వేళ్లు కంటి కొసలకు వచ్చాయి. పెదవులు అతుక్కుపోయాయి... ఊపిరి ఆడటం లేదు... రెండో విజిల్.

అప్పుడు నాకు భయాన్ని మించి కోపం వచ్చింది. కంటి పక్క గీతలు ఎండలో కళ్లు చికిలించి రాళ్లేరితే పడ్డవి. నోటి పక్కవి మా ఆయన ఏలియా బతికున్నప్పుడు నన్ను నవ్వించి నవ్వించి వేసినవి. నుదుటివి ఆయన పోయాక వచ్చినవి. ఇవి నావి. ఏ బోర్డు కోసమో వీటిని పూడ్చుకోవడానికి పడుకున్న నా తెలివిని తిట్టుకున్నాను. బలవంతంగా నోరు తెరిచాను.

"లేని ఏండ్లు నీ మీద రాసింది వాళ్లు, అక్కా. పోయి వాళ్లను పట్టు. నా మొఖం నాది."

ఎడమ బొటనవేలు గడ్డం కింద గుచ్చి మట్టిని పెకిలించాను. ఆ వేలిని ఎవరో పట్టుకున్నారు. గుంజాను. వదల్లేదు... ఇంకోసారి గుంజాను. పట్టు జారింది. తలుపు తీసి ఎండలో పడ్డాను. మూడో విజిల్ రాలేదు.

మర్నాడు ఉత్త నీళ్లతో ముఖం కడుక్కుని, నా ముడతలన్నీ వెంటబెట్టుకుని బోర్డుకు పోయాను. వయసెంతని అడిగారు.

"యాభై ఒకటి. మొఖం జూసి రాయకుండ్రి సారూ. మట్టి షెడ్డు రామవ్వకు గట్లనే రాసిండ్రు."

పెద్ద డాక్టరు కలం ఆగింది. ఆయన మళ్లీ నా వైపు చూడకుండా యాభై ఒకటి అని రాశాడు.

గుమస్తా నా ఎడమ బొటనవేలికి సిరా పూసి కాగితం మీద ఒత్తించాడు. నున్నటి నల్లటి మచ్చ పడింది. మళ్లీ ఒత్తించాడు. మళ్లీ అంతే. వేలు తిప్పి చూసుకున్నాను. ఒక్క గీత లేదు. చిన్నప్పటి కొడవలి గాటు కూడా లేదు. గుమస్తా నోరు తెరిచేలోపు కలం లాక్కుని, మిషనరీల బడిలో నేర్చిన అక్షరాలతో నా పేరు రాశాను. రిబ్కమ్మ.

ఇంటికొస్తే గడప మీద జానెడు మట్టి కడ్డీ ఉంది, తడిగా. దాని మీద ఒకే ఒక వేలిముద్ర. గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి, వాటికి అడ్డంగా కొడవలి గాటు.

"ఉంచుకో అక్కా," అన్నాను, వీధిలో వాళ్లకు వినపడేంత గట్టిగానే. గడప దాటి పొయ్యి అంటించాను. మేరి వచ్చే వేళయింది.

మూతపడ్డ గని దిక్కు నుంచి విజిల్ వినపడింది. ఒక్కటే. అది మూడోదో, మళ్లీ మొదటిదో...