పొగ రాని క్యాన్

సిగ్నల్ దగ్గర ఆగిన అంబులెన్స్ డ్రైవర్ గొంతులో కత్తి దిగింది. అతను హారన్ మీదకి వాలిపోయాడు. ఆగని హారన్‌ని వెనక కార్లవాళ్ళు తిట్టుకుంటూ ఉండగానే, పట్టపగలు, వెనక తలుపు తెరుచుకుని పాలక్యాన్ అంత స్టీలు క్యాన్ ఒకటి మాయమైంది.

"అందులో ఉన్నవి నీ మూలకణాలు, స్టెమ్ సెల్స్," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ముంగిస కుర్చీలోంచి లేచాడు. అతని అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో అందరూ మరిచిపోయారు. ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే. ఆ అక్కకి బ్లడ్ క్యాన్సర్. ఎముకల్లో పాడైన మూలుగని డాక్టర్లు ఘాటైన మందులతో పూర్తిగా చంపేశారు. ఇక తమ్ముడి కణాలు ఎక్కితేనే ఆమె ఒంట్లో కొత్త రక్తం పుడుతుంది. ఎక్కకపోతే ఆమె బతకదు.

"మళ్ళీ తీయించుకుంటాను సార్."

"కుదరదు. ఇంజెక్షన్లు చేసి, కణాలు రక్తంలోకి దిగేదాకా ఆగాలి. మీ అక్క అన్ని రోజులు ఆగలేదు." చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. "రూటు తెలిసింది నాకూ, పోయిన డ్రైవర్‌కీ, ఈవిడకీ."

కోడ్ నేమ్ నెమలి. విదేశీ ముఠాలోకి డిపార్ట్‌మెంటే పంపిన అందగత్తె. ముఠా కోసం ఒక స్టెమ్ సెల్ క్లినిక్ నడుపుతూ, ఇన్నాళ్ళూ నమ్మించి ఇప్పుడు గొంతు కోసింది.

"క్యాన్‌కి బదులు ఈ చిప్ కావాలట. బయటి దేశాల్లో మనవాళ్ళ పేర్లన్నీ ఇందులో ఉన్నాయి. నకిలీ ఇస్తే అక్కడే పట్టేస్తుంది. ఇచ్చినట్టే ఇచ్చి లేపేసెయ్. క్యాన్ తెచ్చుకో."

తెల్లమీసం అంటించుకుని, చేతికర్ర పిడిలో చిప్ దాచుకుని, మోకాళ్ళ నొప్పుల ముసలాడిలా ముంగిస క్లినిక్ మెట్లెక్కాడు.

"ఎడమ మోకాలికా, కుడి మోకాలికా?" అడిగింది రిసెప్షనిస్టు.

"మూడోదానికి."

కోడ్ కుదిరింది. ఆమె లోపలి తలుపు చూపించింది.

హాల్లో జనం కిటకిటలాడుతున్నారు. చచ్చుబడిన కాళ్ళవాడు, చూపు లేని పసిదాన్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లి, బట్టతల ఆఫీసరు. అందరికీ ఒకే మందు, ఒకే హామీ. ముంగిసకి ఒళ్ళు మండింది. తన అక్కకి ప్రాణం పోయగల మాటనే ఇక్కడ ఈ తల్లికి అమ్ముకుంటున్నారు. ఆ కంటికి ఈ వైద్యం పనిచేస్తుందో లేదో ఇంకా ఎవరూ తేల్చలేదు.

లోపలి గదిలో వరసగా మెరిసే ట్యాంకులు. వాటి మధ్య పట్టుచీరలో నెమలి. పక్కన అంగరక్షకుడు, పేరుకి గున్న, చూడ్డానికి మదపుటేనుగు. కుడిచేతికి కట్టు ఉంది.

"మీసం బాగుంది," అంది నెమలి. "చిప్?"

"ముందు క్యాన్."

"రెండూ ఒకేసారి."

ఇచ్చినట్టే ఇవ్వమన్న చీఫ్ మాట అతనికి గుర్తుంది. కానీ అక్క ముఖం కళ్ళ ముందుకొచ్చింది. తను నిజంగానే ఇచ్చేస్తాడని అతనికి తెలిసిపోయింది, సిగ్గేసింది కూడా. చిప్ ఆమె అరచేతిని తాకింది. గున్న క్యాన్ మూత తీశాడు.

పొగ రాలేదు.

కణాల్ని గడ్డకట్టించి బతికించే లిక్విడ్ నైట్రోజన్ ఉంటే తెల్లటి పొగ పొంగుకురావాలి. ముంగిస చిప్‌ని వెనక్కి లాక్కుని పిడికిలి మూసేశాడు.

"ఇందులో నీళ్ళలాంటిది ఉండాలే?"

"బరువుగా ఉందని పారబోశా," అన్నాడు గున్న. "చెయ్యి కాలింది కూడా."

నెమలి నవ్వేసింది. "మాకేం తెలుసు? మేం కణాలు దాచిందెప్పుడు? మేం ఎక్కించే ఉప్పునీళ్ళకి ఇవన్నీ ఎందుకు?"

పైన పటారం, లోన లొటారం. చుట్టూ ట్యాంకులన్నీ ఖాళీ.

చేతికర్ర ఇనుపమొన గున్న డొక్కలో దిగింది. వాడు పడలేదు. ముంగిసని ఎత్తి ట్యాంకుల మీదకి విసిరి, పైకెక్కి పీక నొక్కాడు. ముంగిస ఆ కాలిన చేతిని దొరకబుచ్చుకుని నలిపేశాడు. గున్న ఇల్లు అదిరేలా అరిచాడు. నెమలి తుపాకీ పేలింది. మొదటి గుండు ముంగిస భుజాన్ని చీల్చుకుపోయింది. మిగతావన్నీ గున్న వీపులో దిగాయి.

ఖాళీ తుపాకీ పారేసి ఆమె ఆపరేషన్ కత్తితో మీద పడింది. అది అతని తొడలో పిడిదాకా దిగింది. ముంగిస చేతికందిన క్యాన్ ఎత్తి ఆమె తలమీద మోదాడు. ఎముక విరిగిన చప్పుడైంది. ఆమె మళ్ళీ లేవలేదు.

చిప్ జేబులో వేసుకుని, నెమలి చీరకొంగు చించి తొడకి కట్టుకుని, ఆసుపత్రికి ఫోన్ చేశాడు.

"డాక్టరమ్మా, క్యాన్‌లో కణాల సంచి పాడైపోయింది. మా అక్కని నా చేతులారా చంపుకున్నట్టే." అతను ఏడ్చేశాడు.

"అదేం మాటయ్యా? పొద్దుటే మీ చీఫ్‌కి చెప్పానుగా! పాతపద్ధతి ఉంది, తుంటి ఎముకలోంచి మూలుగ ఇవాళే తోడేస్తాను, నిన్ను వెంటనే పంపమని! ఎక్కడున్నావు? ఒంట్లో రక్తం బాగానే ఉందా?"

ముంగిస నేల వంక చూశాడు. రక్తం గుమ్మందాకా పారింది.

ఆసుపత్రికి ఎలా చేరాడో అతనికే తెలియదు. టేబుల్ మీద డాక్టరమ్మ కుట్లు వేస్తూ, రక్తం ఎక్కిస్తూ తిట్టిపోసింది. "ఇంత పోగొట్టుకున్నవాడికి మత్తిస్తే నువ్వు లేవకపోవచ్చు."

"లేవకపోయినా తీసుకోండి."

తీసుకుంది. ఆ సాయంత్రమే ఆ మూలుగ ఎర్రటి సంచిలో అక్క పక్కన వేలాడింది. వారాలు గడిచాక ఆమె ఒంట్లో కొత్త రక్తం పుట్టింది.

అప్పుడు చీఫ్ పూలగుత్తితో వచ్చాడు. "నిజం చెబితే నువ్వు వెళ్ళేవాడివి కాదు. దేశం కోసం..." అంటూ ఉండగానే ముంగిస పిడికిలి అతని ముక్కు పగలగొట్టింది. రోగాలు అంటకుండా ఉంచిన అద్దాల గదిలోంచి అక్క ఒక్కతే చూసింది. విచారణవాళ్ళు ఆమెనే అడిగి వెళ్ళారు.

"ఏం చెప్పావక్కా?" అన్నాడు ముంగిస అద్దానికి ఇవతల నిలబడి.

"మీ చీఫ్ మెట్లమీద జారిపడ్డాడని చెప్పాను," అంది అక్క. "నీ రక్తం ఎక్కాక అబద్ధం ఎంత సులువుగా వస్తోందిరా తమ్ముడూ!"