గడ్డం కింద ముద్ద

సాయంత్రం ఐదింటికే కొరియాలోని ఇంచియాన్‌లో చీకటి పడింది. ఏడో అంతస్తులో తన ఇంట్లో మిర్యంగ్ అద్దం ముందు నిలబడి, గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా బిగించిన పట్టీని విప్పి చూసుకుంది. గడ్డం కింద కొవ్వు తీయించుకుని ఇది ఐదో రోజు. వాపు తగ్గలేదు. నీలిమచ్చ మెడ మీదుగా కిందికి జారింది. నొక్కితే లోపల గడ్డలు వేలికి తగులుతున్నాయి గానీ, వేలు తగిలినట్టు చర్మానికి తెలియడం లేదు. అంతా మొద్దుబారిపోయింది. ఇవన్నీ మామూలేనని క్లినిక్ వాళ్లిచ్చిన కాగితంలో రాసి ఉంది. కింది పెదవి ఓ పక్కకి వాలినా కంగారు పడొద్దనీ, కొన్ని వారాల్లో సర్దుకుంటుందనీ ఉంది. ఆమె పెదవి వాలింది. కంగారు పడొద్దంటే మానేస్తుందా? పట్టీ మళ్లీ బిగించుకుంది.

అసలు ఈ రోజుకి ఈ మొహంతో ఉండాల్సింది కాదు. ఇవాళ అమ్మ తొలి సంవత్సరీకం. దానికింకా మూడు వారాలుందనుకుని ఆపరేషన్‌కి రోజు తీసుకుంది. గోడ మీది క్యాలెండర్ చూసి లెక్కేసిందే తప్ప, పోయినవాళ్లు చంద్రుడి లెక్కన వస్తారన్న సంగతి మరిచింది. నలభై మూడేళ్ల మనిషికి ఆ మాత్రం తెలియదా అంటే ఏం చెబుతాం! ఏడాదిగా ఏ రోజు ఏదో తెలియకుండానే బతుకుతోంది.

పోనీ, సోకు కోసం చేయించుకుందా అంటే అదీ కాదు. అమ్మ ఓక్‌బున్‌కీ ఆమెకీ గడ్డం ఒక్కటే, కింద మెత్తగా వేలాడే కండతో సహా. అమ్మకి బజారులో పచ్చళ్ల అంగడి ఉండేది. ముల్లంగి మూడు కోతలు కోసి, కత్తి తిరగేసి చెక్క మీద ఒకసారి తట్టడం ఆమె అలవాటు. ఇంటికి రాగానే కూతురి గడ్డం కింద రెండు వేళ్లతో పట్టుకుని, "ఈ ముద్ద నేను పెట్టిందేగా! తిన్నావా?" అనేది. చక్కెర జబ్బుతో చూపు పోయాక మనుషుల్ని అలాగే పోల్చుకునేది. ఆస్పత్రిలో నర్సు గడ్డం తడిమి, "నువ్వు మా పిల్లవి కాదు" అని చెయ్యి తీసేసేది.

ఆమె పోయాక అద్దంలో రోజూ అమ్మే. పళ్లు తోముకుంటున్నా అమ్మే. ఆ ఏడుపు ఇక పడలేక, మిర్యంగ్ ఆ ముద్దనే తీయించేసుకుంది.

తలుపు తోసుకుని మాల్‌జా పిన్ని వచ్చింది. అమ్మకి చెల్లెలు. చేతుల్లో వేయించిన చేపల గిన్నెలు, ముక్కు నిండా జలుబు.

"హిన్నీ..."

"ఏమిటే ఆ మాట? పిన్నీ అనడానిక్కూడా పెదాలు కలవట్లేదా?" పిన్ని గిన్నెలు దించి దగ్గరకొచ్చి చూసింది. "ఎంత పని చేశావే! నిన్నిలా చూస్తే మా అక్కే దడుచుకుంటుంది." అని నవ్వబోయి, మిర్యంగ్ కళ్లు చూసి ఆగిపోయింది. "సరే సరే, ఏడవకు. వాపింకా ఎక్కువవుతుంది. లిఫ్టులో మీ పక్కింటి పిల్ల కనిపించింది, ఏం పేరూ... బోరా. ఎంత ముద్దుగా ఉందో! నువ్వా వయసులో అచ్చం అలాగే ఉండేదానివి."

బోరా బేకరీలో పనిచేస్తుంది, ఒంటరిగా ఉంటుంది. మొన్న ఆ గుండ్రటి గడ్డం చూసి జాలిపడి, మిర్యంగే క్లినిక్ కార్డు ఆమె చేతిలో పెట్టింది.

ఇద్దరూ కలిసి అమ్మ ఫోటో ముందు అన్నం, పులుసు, చేప, బేరిపళ్లు సర్దారు. వచ్చే మనిషి కోసం వీధి తలుపు జానెడు తెరిచిపెట్టారు. పిన్ని దీపాలార్పి, కొవ్వొత్తులు వెలిగించి, అన్నంలో చెంచా నిలబెట్టింది. ఇద్దరూ నుదురు నేలకి ఆనించి వంగారు. వచ్చినవాళ్లు తొమ్మిది ముద్దలు తినేంతసేపు తల ఎత్తకూడదు.

తల వంచగానే రక్తమంతా గడ్డంలోకి దిగి పోటెత్తింది. మిర్యంగ్ ఓర్చుకుంది. అమ్మా, ఒక్కసారి రా. వచ్చి తిను. నన్ను తిట్టినా సరే.

నడవాలో చెప్పులు ఈడుస్తున్న చప్పుడు...

గుమ్మం దగ్గర ఆగింది. నువ్వుల నూనె వాసన, దాని వెనకే వెల్లుల్లి. అంగడి కట్టేసి వచ్చిన అమ్మ ఒంటి వాసన. చప్పుడు లోపలికి రాలేదు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. మళ్లీ గుమ్మం దగ్గర...

"ఎందుకు రావట్లేదే?" పిన్ని తల ఎత్తకుండానే అడిగింది. "పొయ్యి మీద ఏముంది?"

"ఎర్ర గింజల నీళ్లు..."

"అయ్యో పిచ్చిదానా!"

అలసందల్లాంటి ఆ ఎర్ర గింజలు వాపు లాగేస్తాయని పొద్దుటినుంచి కాచుకు తాగుతోంది. ఎర్ర గింజ వాసనున్న ఇంట్లోకి పోయినవాళ్లు అడుగు పెట్టలేరు. పీడలు రాకుండా గుమ్మాల్లో చల్లేది అవే. జలుబు లేకపోతే పిన్ని వస్తూనే పసిగట్టేది. మిర్యంగ్ పాక్కుంటూ వెళ్లి, గిన్నెడు నీళ్లూ తూములో ఒంపి, కుళాయి తిప్పి, తిరిగొచ్చి నుదురు నేలకానించింది.

అడుగులు లోపలికొచ్చాయి.

చెంచా గిన్నెకి తగిలింది. ఒకటి... రెండు... తర్వాత లేదు. అడుగులు దగ్గరకొచ్చాయి. మిర్యంగ్ కళ్లు గట్టిగా మూసుకుంది.

చర్రున చప్పుడైంది. నడినెత్తి మీది పట్టీ ఊడింది.

చెవి వెనక చల్లగా తగిలింది. దవడ మీద చల్లగా... ఆ తర్వాత ఏమీ లేదు. ఏమీ తెలియలేదు. కానీ ఆమె తల పైకి లేస్తోంది. ఎవరో గడ్డం పట్టి ఎత్తుతున్నారు. ఏడాదిగా ఏ చేతి కోసం ఏడ్చిందో ఆ చెయ్యే. అది గడ్డం కింద తడుముతోంది... వెతుకుతోంది... ఆ తడమడం ఆమెకి తెలియడం లేదు.

"క్షమించమ్మా..." చెవి దగ్గరే గొంతు, పరాయివాళ్లతో మాట్లాడే మర్యాదతో. "చూపు లేనిదాన్ని. ఇల్లు పొరబడ్డాను."

అమ్మా, నేనే! అందామనుకుంది. పెదాలు కలవలేదు. "అ... ఆ..." అని గాలి మాత్రం వచ్చింది.

చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాయి. కాసేపటికి పక్కింటి తలుపు తట్టిన చప్పుడు వినిపించింది.

పొద్దున్నే, పిన్ని వెళ్లాక, బోరా వచ్చింది, మెడకి మఫ్లర్ చుట్టుకుని.

"అక్కా, ఈ కార్డు నాకొద్దులే, తీసుకో." కాస్త సిగ్గుపడుతూ మఫ్లర్ సడలించింది. గుండ్రటి గడ్డం కింద రెండు నీలి మచ్చలు, వేలి కొనలంత. "నిన్న ఎవరో తలుపు తడితే తీశాను. ఎవరూ లేరు. కానీ ఇక్కడ పట్టుకుని, తిన్నావా అని... నవ్వకు. నాకు భయమెయ్యలేదక్కా. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్నలా అడిగినవాళ్లెవరూ లేరు. ఇవాళ్టినుంచి తలుపు తెరిచే ఉంచుతాను."

ఆమె మా అమ్మ అని చెప్పాలని మిర్యంగ్ నోరు తెరిచింది. మళ్లీ గాలే వచ్చింది. బోరా ఏమీ అర్థంకాక, "త్వరగా తగ్గిపోవాలక్కా" అని పనికి వెళ్లిపోయింది. లిఫ్టు కిందికి దిగిన చప్పుడు వినిపించింది. పక్కింట్లో ఇంకెవరూ ఉండరు.

కాసేపటికి గోడ అవతల ముల్లంగి తరుగుతున్న చప్పుడు. మూడు కోతలు. చెక్క మీద ఒకసారి తట్టు.

మిర్యంగ్ పరుగున వెళ్లి గడ్డం గోడకి ఆనించింది. గోడ చల్లదనం తెలియలేదు. మూడు కోతలు... తట్టు... ఆపైన అమ్మ గొంతు ముద్దుగా ఎవరినో పిలుస్తోంది, మిర్యంగ్, మిర్యంగ్ అని.